మేకు కింద విస్తరి

నేను ఏడో తరగతి దాకా చదువుకున్నాను. ఎనిమిదో తరగతి మొహం నేను చూడలేదు, నా మొహం అదీ చూడలేదు. ఎవరి మానాన వాళ్ళం సుఖంగా ఉన్నాం. టీసీ నా చేతిలో పెడుతూ మా హెడ్మాస్టారు, "ఒరే సత్తిబాబూ, మానేస్తున్నందుకు బడి తరఫున నీకు చాలా థాంక్సురా" అన్నారు. ఇలాంటివాడు మ్యూజియంలో అడుగుపెడితే ఏమవుతుందో ఒకసారి ఊహించుకోండి. ఊహించారా? దానికి పదమూడు మంది బంధువుల్నీ, ఒక బంతిపూల దండనీ, ఒక గుండిగెడు పులిహోరనీ కలపండి. ఇప్పుడు కొంచెం దగ్గరకొచ్చారు.

నాలుగేళ్ళయింది. ఇప్పటికీ మా వాళ్ళ ఇళ్ళల్లో ఏ శుభకార్యం జరిగినా, భోజనాల దగ్గర ముందు ఈ కథ వడ్డించి ఆ తర్వాత పప్పు వడ్డిస్తారు. వాళ్ళెవరో చెప్పేబదులు నేనే చెప్పేస్తే కనీసం నా పరువు నా చేతుల మీదుగా పోయిందన్న తృప్తి ఉంటుంది.

ముందు మా ఇంట్లో మేకు సంగతి చెప్పాలి.

నిడదవోలులో మా ఇంటి ముందుగదిలో గోడకి రెండు మేకులుంటాయి. ఒకదానికి మా నాన్న ఫోటో ఉంటుంది. రెండోదానికి ఏమీ ఉండదు. అది మా అమ్మది. నాకు నాలుగో ఏడు నడుస్తుండగా అమ్మ పోయింది. ఆవిడ జన్మకంతా తీయించుకున్న ఫోటో ఒక్కటే, పెళ్ళి ఫోటో. ఎర్రకాలవ పొంగి ఇంట్లోకి నీళ్ళొచ్చిన ఏడు ఆ ఫోటో ఉన్న ట్రంకుపెట్టె రెండురోజులు నీళ్ళల్లో నానింది. తీసి చూస్తే నాన్న కోటు మిగిలింది, కోటు పక్కన అమ్మ ఉండాల్సినచోట తెల్లటి మరక మిగిలింది. ఏ చుట్టాల పెళ్ళి ఫోటోలోనో వెనక వరసలో నిలబడి దొరక్కపోతుందా అని నాన్న గోడకి మేకు కొట్టి ఉంచాడు. అమ్మ దొరకలేదు. చివరికి నాన్నే పక్క మేకు ఎక్కాడు.

మా వైపు పెద్దల తద్దినానికి ఫోటో తుడిచి, బొట్టు పెట్టి, దండ వేసి, పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో ఫోటో ముందు పెడతాం. మా అమ్మ తద్దినానికి విస్తరి మేకు కింద పెడతాం. ఒక ఏడు మా అమ్మాయి హారిక, అప్పటికి దానికి ఐదేళ్ళు, విస్తరి వంకా గోడ వంకా మార్చి మార్చి చూసి, "నాన్నా, మేకుకి గారెలంటే అంత ఇష్టమా?" అంది. అందరూ పడీ పడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆ పూట నేను గారె మాత్రం ముట్టుకోలేదు.

అమ్మ గురించి నా దగ్గరున్నది ఒకే ఒక్క ముక్క. రీలంతా కాలిపోయి చిన్న తునక మిగిలినట్టు. బయట వాన. నాకు జ్వరం. ఒక మొహం నా మీదికి వంగింది. కాసంత బొట్టు, ఒంటిరాయి ముక్కుపుడక, కింది పెదవి కింద చిన్న పుట్టుమచ్చ. బొటనవేలితో నా మూతి తుడిచింది. అంతే. దాన్నే నలభై ఏళ్ళకి పైగా తిప్పి తిప్పి వేసుకుని చూస్తున్నాను.

ఇంకా వివరాలు కావాలంటే అమ్మని బాగా ఎరిగినది మా అక్క ఒక్కతే. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, పేరు వరలక్ష్మి, తునిలో ఇచ్చాం. ఎప్పుడడిగినా ఒకటే జవాబు.

"అక్కా, అమ్మ ఎలా ఉండేదే?"

"ఎలా ఉంటుందిరా? అమ్మలా ఉండేది."

పోలీసు స్టేషన్లో మనిషి తప్పిపోయిందని రాయించడానికి మా అక్కని గనక పంపిస్తే, ఆ మనిషి ఇక దొరకదు.

సరే, అసలు కథ. హారిక ఎనిమిదో తరగతికి వచ్చింది. నన్ను దాటేసింది కాబట్టి ఇంట్లో దాని మాటకి విలువ పెరిగింది. వేసవి సెలవుల్లో చుట్టుపక్కల మ్యూజియంలు చూసి, చూసినవాటి గురించి రాసుకుని రమ్మన్నారట వాళ్ళ టీచరు. పొద్దున్నే నేనూ, మా ఆవిడ పద్మా, హారికా టిఫిన్ క్యారియరుతో సహా బయల్దేరి కొవ్వూరు మీదుగా బ్రిడ్జి దాటాం.

ముందు ధవళేశ్వరం. ఆనకట్ట కట్టినప్పటి యంత్రాలు పెట్టారక్కడ. నేను ముప్ఫై ఏళ్ళుగా కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టేవాణ్ణి. పాత ఇంజన్లు కనపడితే నా నోరు ఊరుకుంటుందా? ఇది దీన్ని తిప్పుతుంది, అది దాన్ని తోస్తుంది, ఇదిగో ఈ బేరింగు పోయింది కాబట్టే ఇది ఇక్కడికొచ్చి కూర్చుంది అంటూ మా అమ్మాయికి చెబుతుంటే నలుగురు చేరారు. నలుగురు పదిమందయ్యారు. అందులో ఒకాయన, "ఇంజనీరు గారూ, మరి ఆ చక్రం ఎందుకండీ?" అన్నాడు. నేను కాదనలేదు. మన గురించి ఒకాయన మంచి అభిప్రాయం పెట్టుకుంటే చెడగొట్టడం మర్యాద కాదు. పద్మ మాత్రం నా చొక్కా వెనకనుంచి పట్టుకుని, "పదండి ఇంజనీరు గారూ, ఎండెక్కుతోంది" అని లాక్కుపోయింది.

తర్వాత రాజమండ్రి వచ్చి రాతి విగ్రహాలున్న చోటికి వెళ్ళాం. చాలా పాతవి. సగం మందికి తలల్లేవు. "చూడమ్మా, మా ఏడో తరగతి బ్యాచి" అని హారికకి పరిచయం చేశాను. అది నవ్వి, పుస్తకంలో రాసుకుంది కూడా. టీచరు ఏమనుకుందో తెలీదు.

మధ్యాహ్నం గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక చిన్న బొమ్మల గ్యాలరీకి వెళ్ళాం. రెండే రెండు గదులు. కిరకిరలాడే ఫ్యాను, దాని కింద కుర్చీ, కుర్చీలో అప్పారావు గారని అటెండరు, ఆయన ముందు రిజిస్టరు. సంతకం పెట్టి లోపలికి పోయాం. పడవలు, రేవులు, పూలమ్మేవాళ్ళు. ఫ్యాను గాలి బావుంది కాబట్టి బొమ్మలూ బావున్నాయనిపించింది. రెండో గది మూల తిరిగాను.

అక్కడ ఒకావిడ కాలవ మెట్ల మీద నిలబడి ఉంది. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది, చంకలో ఇత్తడి బిందె. వెనకనుంచి ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు చూస్తోంది. కాసంత బొట్టు. ఒంటిరాయి ముక్కుపుడక. కింది పెదవి కింద చిన్న పుట్టుమచ్చ.

"అమ్మా!" అన్నాను గట్టిగా.

"ఏం తగిలిందండీ? గుమ్మమా?" అంటూ పద్మ పరిగెత్తుకొచ్చి నా కాలి వేళ్ళు చూసింది.

"కాలు కాదే. అదిగో, మా అమ్మ."

పద్మ బొమ్మ వంక చూసింది. నా వంక చూసింది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఎండలో ఆ ఇంజన్ల దగ్గర అంతసేపు వాగొద్దన్నానా?" అంది.

ఈలోగా అప్పారావు గారొచ్చారు. నేను జేబులోంచి ఫోను తీశాను. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారు.

"ఫోటోలు తీయకూడదండి."

"ఒక్కటేనండి. మా అమ్మండి."

ఆయన పాపం మర్యాదస్తుడు. బొమ్మ కింద అట్టముక్క వైపు వేలు చూపించారు. "ఈ బొమ్మ వేసి వందేళ్ళు పైనే అయిందండి. అప్పటికి మీ అమ్మగారు..."

"పుట్టలేదండి."

"మరి?"

"మా అమ్మకి ముందుచూపు ఎక్కువండి."

ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చుని, మేం బయటికెళ్ళేదాకా నా మీంచి చూపు తిప్పలేదు.

నాకూ తెలుసండీ, ఆ బొమ్మ మా అమ్మది కాదని. అంత ఏడో తరగతి కాదు నాది. కాని ఆ మొహం అమ్మదే. నలభై ఏళ్ళుగా నా బుర్రలో ఉన్న తునకని ఎవడో నాకంటే ముందే పట్టుకుపోయి గోడకి తగిలించినట్టుంది. ఎటు జరిగినా నన్నే చూస్తోంది. గ్యాలరీ మూసేవేళకి పద్మ నన్ను పసిపిల్లాణ్ణి సంతలోంచి తెచ్చినట్టు చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది.

ఆ తర్వాత నాకు రాజమండ్రిలో పనులు ఎక్కువైపోయాయి. వారానికోసారి రాగితీగ కావాలని పోయేవాణ్ణి. దారి ఖర్చుకి సాకు కావాలి కదా, నిజంగానే తీగ కొనేవాణ్ణి. షాపులో తీగ ఎంత పోగయిందంటే నిడదవోలు ఊరు మొత్తాన్ని ఒక మోటారు కింద చుట్టేయొచ్చు. అప్పారావు గారి రిజిస్టరులో ఒక పేజీ నిండా నా సంతకాలే. ఆయన మొదట్లో అనుమానంగా చూసేవారు, తర్వాత కుర్చీ తెచ్చి వేసేవారు, ఆ తర్వాత టీ కూడా తెప్పించేవారు, బయట తాగాలన్న షరతు మీద. నేను పోయి ఆ బొమ్మ ముందు కూర్చునేవాణ్ణి. షాపు సంగతులు చెప్పేవాణ్ణి, లోపల్లోపలే. ఆవిడ వినేది. మా ఇంట్లో నా మాట పూర్తిగా విన్న ఆడది అంతవరకూ లేదు మరి.

ఇంట్లో ఎన్నాళ్ళు దాగుతుంది? ఒకరోజు పద్మ అన్నం వడ్డిస్తూ, గరిటె ఎత్తి పట్టుకుని అడిగింది.

"రాజమండ్రిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరే."

"నిజం చెప్పండి. తీగ కోసం పోయేవాడు సెంటు కొట్టుకుని పోతాడా?"

"ఒకావిడ ఉంది" అన్నాను.

గరిటె ఇంకొంచెం లేచింది.

"మా అమ్మ" అన్నాను.

పద్మ గరిటె దించేసింది. తర్వాత, "అంతగా అనిపిస్తే వదిన్ని తీసుకెళ్ళి చూపించండి. ఆవిడ అవునంటే అప్పుడు చూద్దాం" అంది.

ఈ మాటతో నాకు నిద్ర పట్టలేదు. నిజమే, ఈ భూమ్మీద అవునో కాదో చెప్పగలిగిన మనిషి అక్క ఒక్కతే. అక్క అవునంటే, ఆ బొమ్మని చూసి ఎవరిచేతనన్నా చిన్నది గీయించుకుని మేకుకి తగిలించుకోవచ్చు. అక్క అవునంటే నాకు అమ్మ ఉన్నట్టు. అక్క కాదంటే? ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించే అలవాటు ఉంటే బడిలోనే ఉండేవాణ్ణి.

బుద్ధున్నవాడైతే అక్కని ఒక్కదాన్నే తీసుకెళ్ళి చూపించేవాడు. నేను అందరికీ ఫోన్లు చేశాను. "ఈ ఏడు అమ్మ తద్దినం రాజమండ్రిలో. అమ్మ దొరికింది. వివరాలు అక్కడే" అన్నాను. వ్యాను మాట్లాడాను. తునినుంచి అక్కా బావా ముందురోజే వచ్చేశారు. పొద్దున్నే పద్మా అక్కా కలిసి పులిహోర, గారెలు, పరమాన్నం వండారు. నేను మూరలకొద్దీ బంతిపూల దండ కట్టించాను. పద్నాలుగు మందిమి వ్యానెక్కి, పదకొండు కాకుండానే గ్యాలరీ ముందు దిగాం.

అప్పారావు గారు గుమ్మంలోకి వచ్చి చూసి అలాగే నిలబడిపోయారు.

"ఏంటండీ సత్తిబాబు గారూ ఇది? పెళ్ళేవన్నానా?"

"కాదండీ, తద్దినం."

"ఎవరిదండీ?"

"మా అమ్మదండి. లోపలే ఉంది కదండీ."

ఆయన రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "పూలూ, తిండీ, నీళ్ళూ లోపలికి రాకూడదండి. చీమలు పడతాయండి."

"ఒక్క గారె అండి."

"ఒక్క గారెకి కూడా పడతాయండి."

"పోనీ దండొక్కటి. వెయ్యనండి. ఊరికే చూపించి తీసుకొచ్చేస్తాను."

"చూపించడమేంటండీ, ఆవిడేవన్నా బేరమాడుతుందా?"

వెనకనుంచి మా వాళ్ళంతా ఒకేసారి బతిమాలడం మొదలుపెట్టారు. మా గోదావరి వాళ్ళ బతిమాలుడు మీకు తెలుసు కదా, తలుపులు ఊడొస్తాయి. అప్పారావు గారు చివరికి మెత్తబడ్డారు. "దండ చేత్తో పట్టుకోండి. బొమ్మకి రెండు బారల దూరంలో ఉండండి. నేను పక్కనే ఉంటాను. పొరపాటున వేశారంటే మాత్రం, మీ అమ్మగారి పక్కన నా ఉద్యోగానికి కూడా దండ వేసేస్తారండి మా ఆఫీసువాళ్ళు" అన్నారు.

పులిహోర గుండిగకి కాపలాగా డ్రైవర్ని పెట్టి లోపలికి నడిచాం. మా బావ గుమ్మం బయట చెప్పులు విప్పాడు. ఆయన్ని చూసి అందరూ విప్పారు. అలవాటుకొద్దీ అప్పారావు గారు కూడా విప్పేసి, తర్వాత గుర్తొచ్చి మళ్ళీ వేసుకున్నారు. బొమ్మ ముందు అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. వీళ్ళల్లో అమ్మని చూసి గుర్తుపెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. అయినా అభిప్రాయాలకేం తక్కువ?

"కళ్ళు అచ్చం సత్తిబాబువే."

"ఆ ముక్కు చూడు, ముక్కు. అచ్చుగుద్దినట్టు లేదూ?"

"నిలబడడంలో కూడా మనవాళ్ళ తీరే."

నాకు ఒళ్ళు పొంగిపోతోంది. మోకాళ్ళనొప్పులతో అక్క అందరికంటే వెనకగా, గోడ పట్టుకుంటూ వచ్చింది. దారిచ్చారు. బొమ్మకి ఎదురుగా నిలబడింది. చూసింది. కళ్ళజోడు తీసి పైట కొంగుతో తుడుచుకుంది. పెట్టుకుని మళ్ళీ చూసింది. అక్క పెదవి అదరడం చూశాను. ఇంకేముంది, ఏడుస్తుంది, నేనూ ఏడవాలి, అని గుండె బిగపట్టుకున్నాను.

"ఒరే తమ్ముడూ" అంది.

"చెప్పక్కా."

"ఆ దండ కిందకి దించు."

"వెయ్యన్లేవే. ఊరికే పట్టుకున్నాను."

"దించరా ముందు! ఆవిడ బతికే ఉంది!"

పద్నాలుగు మందిలో పదమూడు మంది ఒక అడుగు వెనక్కి వేశారు. అప్పారావు గారు మాత్రం ఒక అడుగు ముందుకి వేసి బొమ్మని పరీక్షగా చూశారు.

"ఎవరే బతికున్నది?" అన్నాను.

"రవణమ్మ పిన్ని! మన పాతింటి పక్కవాటా రవణమ్మ పిన్ని! అచ్చం ఆవిడే. ఆ పుడక, ఆ మచ్చ. మొన్ననే పిఠాపురం వెళ్ళినప్పుడు చూసొచ్చాను. నిక్షేపంలా ఉంది. నా చేత రెండుసార్లు కాఫీ పెట్టించుకుంది."

"మరి అమ్మ?"

"అమ్మేంట్రా! అమ్మకి పుట్టుమచ్చ ఎక్కడుంది? అమ్మకీ ఆవిడకీ అసలు పడేదే కాదు. మునిసిపాలిటీ పంపు దగ్గర రోజూ యుద్ధమే. వంతు ఎవరిదైనా సరే, అమ్మ వెళ్ళి రవణమ్మ పిన్ని బిందె పక్కకి లాగేసి తన బిందె పెట్టేది. మూడేళ్ళు మాటల్లేవు ఇద్దరికీ. పైనుంచి అమ్మ గనక ఇది చూస్తుంటే, నీకు ఈ ఏడు నుంచి దీవెనలు బంద్."

మీరే చెప్పండి. నలభై ఏళ్ళుగా అమ్మా అమ్మా అని గుండెల్లో దాచుకున్న మొహం మా అమ్మ పంపు దగ్గరి శత్రువుది. పైగా ఆవిడ బతికుండగా తద్దినం. దానికి వ్యాను, పద్నాలుగు మంది, గుండిగెడు పులిహోర. హారిక చిన్నగా, "నాన్నా, మేకే నయం" అంది. నవ్వు ఎక్కడ మొదలైందో తెలీదు, మా బావ దగ్గరే అనుకుంటాను. గదంతా పాకింది. అప్పారావు గారు గోడవైపు తిరిగి భుజాలు ఊపుతూ నవ్వుతున్నారు.

నేను మాత్రం ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూలబడ్డాను. "మరి నాకు ఈ మొహం ఎందుకు గుర్తుందే అక్కా? వాన పడుతోంది. జ్వరం. నా మూతి తుడిచింది."

అక్క నవ్వు ఆపింది. వచ్చి కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"అది అమ్మ పోయాకరా. అమ్మ పదోరోజు అయ్యింది. నాన్న గోడకి చేరబడి కూర్చున్నాడు. నాకా పన్నెండేళ్ళు, అన్నం వార్చడం కూడా సరిగా రాదు. రవణమ్మ పిన్ని వచ్చింది. మూడేళ్ళ తర్వాత మన గుమ్మం ఎక్కడం అదే. ఎవరితోనూ ఏమీ అనలేదు. నిన్ను చంకనేసుకుని వాళ్ళింటికి పట్టుకుపోయింది. ఏడాది పెంచింది నిన్ను. తర్వాత వాళ్ళాయనకి పిఠాపురం మిల్లులో పని దొరికి వెళ్ళిపోయారు. నువ్వు వాళ్ళ బండి వెనకాల కాలవ గట్టుదాకా పరిగెత్తావు."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడూ అమ్మ గురించే అడిగావుగానీ, రవణమ్మ పిన్ని గురించి అడిగావా?"

తలెత్తి బొమ్మ వంక చూశాను. ఆవిడ ఎప్పట్లాగే తల తిప్పి చూస్తోంది. బండి మీంచి వెనక్కి చూసినట్టు. ఇన్నాళ్ళూ నేను లోపల్లోపల చెప్పుకున్నవన్నీ ఎవరితో చెప్పుకున్నానో అప్పుడర్థమైంది. ఒక్కటే అర్థం కాలేదు. ఇది పోయినట్టా, దొరికినట్టా?

పులిహోర గ్యాలరీ ఆవరణలో చెట్టు నీడన తిన్నాం. అప్పారావు గారికి విస్తరి వేసి పెట్టాం. ఆయన మూడు గారెలు తిని, "బతికున్నవాళ్ళ తద్దినం భోజనం తినడం ఇదే మొదలండి. రుచిలో తేడా ఏం లేదండి" అన్నారు. దండ తీసుకెళ్ళి వ్యాను ముందు కట్టాం. ఆ రోజు మాలో దండ వేయించుకునే యోగ్యత ఉన్నది ఆ వ్యాను ఒక్కదానికే.

పై ఆదివారం నేనొక్కణ్ణే పిఠాపురం వెళ్ళాను. రవణమ్మ పిన్ని వాళ్ళ కూతురు ఇల్లు కుక్కుటేశ్వరస్వామి గుడికి దగ్గర్లోనే అని అక్క చెప్పింది. పోతూ పోతూ గుడి బయట చెప్పులు విప్పి, స్వామి ఎదురుగా, తడి బట్టల్లో కాకపోయినా చెమటకి తడిసిన చొక్కాలోనే నిలబడి, ఘోరమైన ప్రమాణం చేశాను. స్వామీ, నా కంఠంలో ప్రాణముండగా, ఏ బొమ్మల గదిలోనూ ఏ మనిషినీ అమ్మా అని పిలవను. దండ పట్టుకునే ముందు మనిషి ఉన్నారో లేరో రెండుచోట్ల కనుక్కుంటాను. వ్యాను మాట్లాడే ముందు అక్కతో మాట్లాడతాను. ఆ మేకుకి తగిలించడానికి ఇక ఎవరినీ వెతకను.

ఇల్లు కనుక్కుని గుమ్మంలోకి వెళ్ళాను. లోపల వసారాలో పడక్కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. జుట్టంతా తెల్లగా, మొహమంతా ముడతలు. ముక్కుపుడక లేదు. పెదవి కింద మచ్చ మాత్రం ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడి, కుర్చీ పక్కనున్న నీళ్ళ చెంబుని గబుక్కున దగ్గరికి లాక్కుంది. దాహమేమో అనుకున్నాను.

"ఎవరూ?"

"నేను పిన్నీ. సత్తిబాబుని. వరలక్ష్మి తమ్ముణ్ణి."

"ఓహో, నువ్వా! నాకు తద్దినం పెట్టావంటగా?"

అక్క ముందే ఫోను చేసి చెప్పేసిందన్నమాట. "పెట్టలేదు పిన్నీ, పెట్టబోయాను" అన్నాను.

"పులిహోర ఎలా కుదిరింది?"

"బాగానే కుదిరింది."

"మరి నా వాటా ఏదిరా?"

ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆవిడ చెయ్యి చాచి నా తల నిమిరింది, అలవాటున్న చెయ్యిలాగే. బొటనవేలు నా మూతి చివర ఒక్కక్షణం ఆగింది. ఇంత దూరం వచ్చింది ఒక్క మాట అడగడానికి.

"పిన్నీ, నువ్వు రోజూ చూసినదానివి. మా అమ్మ ఎలా ఉండేదో నువ్వైనా చెప్పవూ?"

ఆవిడ నా మొహంలోకి తేరిపార చూసి, చెంబుని ఇంకొంచెం తన వైపు జరుపుకుంది.

"ఆ ముక్కూ, ఆ గెడ్డం, ఆ రావడం! నువ్వు గుమ్మంలోకి అడుగుపెట్టగానే నేను చెంబు ఎందుకు లాక్కున్నాననుకున్నావురా?"